లింఫోమా – మందుకు ముందటి విచారణ

(సాంస్కృతిక సంఘ సభలో చేసిన ప్రసంగము యొక్క పాఠము)



మెడచుట్టును వరుసగా బిళ్ళలు కట్టుటకు మన పెద్దలు కంఠమాల యని పేరు పెట్టిరి. పూసలు గ్రుచ్చినట్లు కనుపించుటచే ఆ పేరు వచ్చినది. పేరు అందముగనే యున్నది గాని వ్యాధి అట్టిది కాదు. అది పెక్కు పర్యాయములు క్షయ. ఇక సామాన్యమైన బిళ్ళలు ఎవరికి తెలియవు? కాలికి ముల్లు గ్రుచ్చుకొన్న గజ్జలో బిళ్ళ కట్టును. పన్ను పుచ్చిన దవడక్రింద కట్టును. శరీరమంతట లింఫు అను పలుచని ద్రవము ప్రవహించు సన్నని కాలువలు కలవు. ఆ కాలువల దారిలో అక్కడక్కడ కావలి ఠాణాలవలె చిన్న గ్రంథులున్నవి. వెలుపలినుండి వచ్చిన క్రిములను అచ్చటి తెల్లకణములు అడ్డగించును. పోరు జరుగునంత సేపు ఠాణా ఉబ్బియుండును. పోరు ముగిసిన పిదప తగ్గిపోవును. బిళ్ళలలో అధికభాగము ఇట్టివే. వానిని చూచి భయపడనక్కరలేదు.

తగ్గని బిళ్ళ వేరు. కావలి కాయవలసిన కణములే కట్టుతప్పి, పిలువకుండ పెరిగి, చావవలసినపుడు చావక గుంపు కట్టినచో దానిని లింఫోమా అందురు. ఇది కేన్సరులలో ఒక జాతి. బిళ్ళకు తరచుగా నొప్పి యుండదు. నొప్పి లేనందుననే ఇంటివారు నెలల తరబడి ఉపేక్షింతురు. సాయంకాలపు జ్వరము, రాత్రి వస్త్రములు తడియునంత చెమట, కారణము లేక బరువు తగ్గుట – ఈ మూడును లింఫోమా యందు కలవు, క్షయయందును కలవు. క్షయ విస్తారముగ నున్న మన దేశమున వైద్యుడు మొదట దానినే తలచుట సహజము. కాని ముక్క తీసి చూడకుండనే క్షయ మందు మొదలుపెట్టి, గుణము కనుపింపకున్నను కొనసాగించి, ఆరు నెలల పిమ్మట రోగిని పెద్ద ఆసుపత్రికి పంపినచో, ఆ ఆరు నెలలును వ్యాధికి దానమిచ్చినట్లే. నాలుగు నుండి ఆరు వారములు గడచినను తగ్గని బిళ్ళను, మెడ యెముకకు పైభాగమున లేచిన బిళ్ళను ముక్క తీసి పరీక్షింపవలెను.

లండనులోని గైస్ ఆసుపత్రి మ్యూజియమున పనిచేసిన థామస్ హాడ్జ్‌కిన్ 1832లో, గ్రంథులును ప్లీహమును వింతగా పెరిగి మరణించిన ఏడుగురిని గూర్చి ఒక వ్యాసము వ్రాసెను. ఆయన చూచినది కంటితోనే. సూక్ష్మదర్శినిలో ఆ వ్యాధికి గురుతైన పెద్ద కణమును 1898లో స్టెర్న్‌బెర్గును, 1902లో డొరొతీ రీడ్ అను వనితయు వర్ణించిరి. అటుపిమ్మట వైద్యులు ఆ కణము గలవానిని హాడ్జ్‌కిన్ వ్యాధి యనియు, లేనివానిని వేరుజాతు లనియు విభజించుచు వచ్చిరి. నేటి వర్గీకరణములో పదుల కొలది రకములు కలవు. అన్నిటిని ఏకరువు పెట్టుట ఈ సభకు శిక్షయే యగును. కావున అన్నిటికంటె ఎక్కువగ కనుపించు నొక్క రకమును తీసికొందము. దాని పేరు డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా. సులభముగ పెద్దకణ లింఫోమా యనవచ్చును.

పెద్దకణ లింఫోమా వేగముగ పెరుగును. చికిత్స లేనిచో నెలలలో ప్రాణము తీయును. చిత్రమేమనగా, వేగముగ పెరుగుట చేతనే ఇది మందునకు లొంగును. పూర్తిగ నయమగుటయు కలదు. 1970 దశకమునుండి దీనికి చాప్ అను నాలుగు మందుల కూటమి వాడుకలో నున్నది. సైక్లోఫాస్ఫమైడు, డాక్సోరూబిసిన్, విన్‌క్రిస్టిన్, ప్రెడ్నిసొలోన్ అనునవి ఆ నాలుగు. మూడు వారముల కొకసారి చొప్పున ఆరు నుండి ఎనిమిది పర్యాయములు ఇత్తురు. 1997లో అమెరికాయందు అనుమతి పొందిన రిటుక్సిమాబ్ అను ప్రతిరక్షకమును దానికి చేర్చి ఆర్-చాప్ అనిరి. 2002లో ఫ్రెంచి వైద్యులు ప్రకటించిన పరిశోధనచే ఈ చేరిక వృద్ధులయందు సైతము ఆయువును పెంచునని స్థిరపడెను. 2007లో హైదరాబాదునందలి డాక్టర్ రెడ్డీస్ వారు ఆ ప్రతిరక్షకమునకు సమానమైన దానిని దేశములోనే తయారుచేసి విక్రయింప మొదలిడిరి. ఆర్-చాప్‌తో నూరుగురిలో సుమారు అరువదిమంది నయమై ఇంటికి పోవుచున్నారు.

మిగిలిన నలువదిమంది మాట యేమి? వారి బిళ్ళయు సూక్ష్మదర్శినిలో అట్లే యుండును. వారికిని అదే పేరు, అదే మందు. కొందరికి మందు పారదు. కొందరికి పారినట్లే పారి, ఏడాది రెండేండ్లలో వ్యాధి తిరిగి వచ్చును. తిరిగి వచ్చిన వ్యాధిని జయించుట మొదటిదానికంటె చాల కష్టము. ఆ నలువదిమంది యెవరో మందు మొదలుపెట్టక ముందే తెలిసికొను నుపాయ మున్నదా యనునదే ఈ ప్రసంగమునకు విషయము.

మొదటి ఉపాయము ఆఫీసువారికి మిక్కిలి నచ్చునది. అది ఐదు గళ్ళ ఫారము. 1993లో అనేక దేశముల వైద్యులు కలిసి రోగుల వివరములను పోల్చి ఐదు ప్రశ్నలు స్థిరపరచిరి. వయస్సు అరువది దాటినదా? వ్యాధి శరీరమున దూరదూరముగ వ్యాపించినదా? రక్తమున ఎల్.డి.హెచ్. అను పదార్థము మితిమీరినదా? రోగి తన పనులు తాను చేసికొనలేక మంచము పట్టినాడా? గ్రంథులకు వెలుపల ఒకటికి మించిన తావులలో వ్యాధి యున్నదా? అవునన్న ప్రతి సమాధానమునకు ఒక గుర్తు. నాలుగైదు గుర్తులు వచ్చినవారిలో ఐదేండ్లు బ్రతికినవారు నూటికి 26 మంది. ఒకటియో సున్నయో వచ్చినవారిలో 73 మంది. రిటుక్సిమాబ్ వచ్చిన పిదప ఈ సంఖ్యలు మెరుగైనవి, కాని వరుస మారలేదు. ఖర్చు లేని ఈ ఫారమును ఏ జిల్లా ఆసుపత్రిలోనైన పూర్తి చేయవచ్చును. అయినను దీనిలో ఒక లోపము కలదు. ఇది వ్యాధి ఎంత దూరము వచ్చినదో చెప్పును గాని, అది ఎట్టి స్వభావము గలదో చెప్పదు.

ఆ స్వభావము జన్యువులలో నున్నది. 2000 సంవత్సరమున అమెరికాలోని శాస్త్రజ్ఞులు వేలకొలది జన్యువులలో ఏవి పనిచేయుచున్నవో ఒక్కసారిగ చూపు చిన్న పలకలపై పెద్దకణ లింఫోమా ముక్కలను పరీక్షించిరి. ఒకే పేరుతో పిలువబడిన వ్యాధి రెండుగ విడిపోయెను. ఒక తెగ, గ్రంథిలోని అంకుర కేంద్రమున నుండు బి-కణములను పోలియుండెను. రెండవది, ఆ కేంద్రమును విడిచి ప్రతిరక్షకములు తయారుచేయుటకు సిద్ధమైన ఉత్తేజిత కణములను పోలియుండెను. వారు చూచిన రోగులలో మొదటి తెగవారు ఐదేండ్లకు నూటికి 76 మంది, రెండవ తెగవారు 16 మంది మాత్రమే జీవించియుండిరి. అవి రిటుక్సిమాబు లేని దినములు. చూచిన రోగులు కొలదిమందియే. ఆ అంతరము తరువాత కొంత తగ్గినది. కాని రెండు వేర్వేరు వ్యాధులకు ఒకే పేరు పెట్టి ఇంతకాలము గడపితిమను సంగతి వైద్యలోకమునకు తెలిసివచ్చెను.

అంకుర కేంద్రమును గూర్చి కొంచెము నిలిచి చెప్పుకొనవలెను, ఏలయనగా అపాయమంతయు అచ్చటనే పుట్టుచున్నది. శరీరములోని తక్కిన కణములు తమ జన్యులిపిని ప్రాణప్రదముగ కాపాడుకొనును. అంకుర కేంద్రములోని బి-కణము మాత్రము తన లిపిని తానే కోసి అతుకును. క్రొత్త క్రిమికి సరిపడు ప్రతిరక్షకమును తయారుచేయుటకు దానికి వేరు మార్గము లేదు. కోసి అతుకుటలో ఎన్నడో ఒకసారి పొరపాటు జరుగును. ఒక దస్త్రములోని కాగితము ఊడి, అత్యవసరమను ఎఱ్ఱచీటీ గల మరియొక దస్త్రమునకు కుట్టబడినచో ఏమగునో కార్యాలయములవారికి చెప్పనక్కరలేదు. ఎవ్వరును అడుగని పని దినదినము జరుగుచునే యుండును. ఎనిమిదవ క్రోమోజోముపైనున్న మిక్ అను జన్యువు కణవిభజనకు ఆజ్ఞ యిచ్చునది. అది ఊడి, పదునాలుగవ క్రోమోజోముపైనున్న ప్రతిరక్షక జన్యువుల ప్రక్కన అతుకుకొన్నచో, ఆ ఆజ్ఞకు విరామముండదు. ఉగాండాలో పనిచేసిన డెనిస్ బర్కిట్ 1958లో పిల్లల దవడ కంతులను వర్ణించెను. ఆ వ్యాధియందే ఈ మిక్ అతుకును 1982లో గుర్తించిరి.

రెండవ జన్యువు పదునెనిమిదవ క్రోమోజోముపైనున్న బి.సి.ఎల్.2. దీని పని తమాషా. కణమునకు వయస్సు మళ్ళిన పిదప విరమణ ఉత్తర్వు వచ్చును. ఆ ఉత్తర్వు అమలు కాకుండ ఆపునది బి.సి.ఎల్.2. ఇది కణముల సంఖ్యను పెంచక, చావును మాత్రము తప్పించునని 1988లో మెల్బోర్నునందలి శాస్త్రజ్ఞులు చూపిరి. మిక్ ఒక్కటియే చెడినచో కణము వేగముగ పెరుగును, వేగముగ చచ్చును కూడ. బి.సి.ఎల్.2 ఒక్కటియే చెడినచో కణము చావదు గాని నెమ్మదిగ నుండును. రెండును ఒక్క కణముననే చెడినచో, ఆగక పెరుగునది, చావనిది పుట్టును. దీనిని జంటదెబ్బ లింఫోమా యందురు. పెద్దకణ లింఫోమా గలవారిలో ఇట్టివారు నూటికి పదిమందికి లోపు. తొలి నివేదికలలో ఆర్-చాప్ పొందిన ఇట్టి రోగులలో పెక్కుమంది రెండేండ్లు దాటలేదు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణము దీనిని ప్రత్యేక వ్యాధిగ అంగీకరించెను. 2022 నాటి కూర్పులో ఆ పేరును మిక్, బి.సి.ఎల్.2 రెండును చెడినవారికే పరిమితము చేసిరి.

దీనిని కనుగొనుటకు వేలకొలది జన్యువుల పలక అవసరము లేదు. మొదటిది రంగుల పరీక్ష. మైనపు దిమ్మలో అమర్చిన ముక్కను పలుచని పొరలుగ కోసి, ఒక్కొక్క ప్రోటీనుకు అంటుకొను ప్రతిరక్షకమును పోసి, రంగు వచ్చినదా లేదా చూతురు. సి.డి.10, బి.సి.ఎల్.6, ఎమ్.యు.ఎమ్.1 అను మూడింటితో రెండు తెగలను చాలవరకు వేరుచేయవచ్చునని 2004లో ఒక పద్ధతి ప్రకటింపబడెను. రెండవది ఫిష్ అను పరీక్ష. పేరు వినగనే వంగదేశీయ మిత్రులకు నోరూరును గాని దీనికి చేపతో సంబంధము లేదు. మిక్ జన్యువునకు ఒక ప్రక్క ఎఱ్ఱగను మరియొక ప్రక్క పచ్చగను మెరయు చుక్కలను అంటింతురు. జన్యువు చెక్కుచెదరక యున్నచో రెండును కలిసి పసుపుగ కనుపించును. తెగి యున్నచో ఎఱ్ఱచుక్క యొకచోట, పచ్చచుక్క యొకచోట నుండును. ఇంతకంటె సూటియైన సాక్ష్యము లేదు. ఖర్చు తగ్గింపదలచినవారు మిక్ ఒక్కదానినే మొదట చూడవచ్చును. అది తెగకున్నచో జంటదెబ్బ లేనట్లే. తక్కిన వాని కొరకు ధనము వెచ్చించుట వృథా. రంగుల పరీక్షలో మిక్, బి.సి.ఎల్.2 ప్రోటీనులు అధికముగ కనుపించుటయు, ఫిష్‌లో జన్యువులు తెగియుండుటయు ఒకటి కాదని గుర్తించవలెను. మొదటిది రెండవదానికంటె చాల సాధారణము, అంత భయంకరము కాదు. నివేదికలోని ఈ రెండు మాటలను కలగలిపి చదివి నిద్ర మానుకొనిన కుటుంబములు కలవు.

ఇన్ని పరీక్షలకును ఆధారము మొదట తీసిన ఆ చిన్న ముక్క. ప్రయోగశాల ఎంత గొప్పదైనను చెడిన ముక్కనుండి మంచి సమాధానము రాదు. సన్నని సూదితో పీల్చిన నాలుగు చుక్కలు క్షయను వెదకుటకు చాలవచ్చును గాని లింఫోమా రకము చెప్పుటకు చాలవు. వీలున్నంతవరకు గ్రంథిని మొత్తముగ తీయవలెను. తీసిన వెంటనే సరియైన పాళ్ళలో కలిపిన ఫార్మలిన్‌లో వేయవలెను. ఎండనిచ్చినను, ఫార్మలిన్‌లో వారముల తరబడి నానవేసినను జన్యులిపి ముక్కలగును. మరియొక జాగ్రత్త మిక్కిలి ముఖ్యమైనది. బిళ్ళ తగ్గునేమోయని ముందుగనే ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడు మాత్ర లిచ్చుట కొన్నిచోట్ల అలవాటు. లింఫోమా కణములు ఆ మాత్రకు కొన్ని దినములలో కరగును, బిళ్ళ తగ్గును, ఇంటివారు సంతోషింతురు, ఆ పిదప తీసిన ముక్కలో చూచుటకు చచ్చిన కణములే మిగులును. వ్యాధి మాత్రము పోదు. ప్రాణాపాయముగ ఊపిరి ఆడనపుడు తప్ప ముక్క తీయక ముందు స్టెరాయిడు కూడదు.

బదిలీలపై బ్రతుకు కేంద్ర ప్రభుత్వోద్యోగులకు ఇంకొక సంగతి. మైనపు దిమ్మ ఏండ్ల తరబడి నిలుచును. విశాఖపట్టణమున తీసిన ముక్కను బొంబాయిలో మరల కోసి పరీక్షింపవచ్చును. ఊరు మారునపుడు రోగి పటములతోను కాగితములతోను సరిపెట్టుకొనక, దిమ్మలను, గాజు పలకలను సంతకము చేసి అడిగి తీసికొని పోవలెను. అవి లేనిచో క్రొత్త ఊరిలో మరల కత్తికి ఒప్పుకొనవలసి వచ్చును. అప్పటికే మందు పడియున్నచో తీయుటకు ముక్కయే దొరకకపోవచ్చును.

అపాయము ఎక్కువయని తెలిసినందున ఏమి లాభము? ఇచ్చట నిజమును దాచుట మంచిది కాదు. తెలిసికొనుటలో వైద్యశాస్త్రము ముందు నడచినంతగ నయముచేయుటలో నడవలేదు. ఉత్తేజిత తెగవారికి ప్రత్యేకముగ బోర్టెజోమిబ్ అను మందును చేర్చి చూచిన బ్రిటిషు పరిశోధనయు, ఇబ్రుటినిబ్ చేర్చి చూచిన మరియొక పెద్ద పరిశోధనయు 2019లో ప్రకటింపబడినవి. రెండును ఆశించిన ఫలము నీయలేదు. 2022లో ప్రకటింపబడిన పోలాటుజుమాబ్ పరిశోధనలో 879 మంది పాల్గొనిరి. వ్యాధి ముదురక రెండేండ్లు గడపినవారు ఆర్-చాప్‌తో నూటికి 70.2 కాగా, క్రొత్త కూటమితో 76.7 అయిరి, ప్రాణములు నిలిచిన లెక్కలో మాత్రము భేదము కానరాలేదు. జంటదెబ్బ రోగులకు ఎపోక్ అను, మందును చుక్కచుక్కగ నాలుగు దినములు ఎక్కించు పద్ధతిని పెక్కుమంది వైద్యులు ఎన్నుకొనుచున్నారు. పాత రోగుల లెక్కలను తిరిగి చూచినపుడు అది మేలనిపించినది. చీట్లు వేసి పోల్చిన సాక్ష్యము ఇట్టి రోగులకు చాలినంత లేదు. ఇట్టి లింఫోమా మెదడు పొరలకు ప్రాకు భయము హెచ్చు. దానిని అడ్డుటకు మెథోట్రెక్సేటు వాడుట కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లే ప్రయోగశాలలో పుట్టిన మందుల సంతతిలోనిదే అది. మెదడు పొరలకు చేరిన వ్యాధికి దాని ఉపయోగము నిశ్చయము. రాకుండ ఆపుటలో ఎంత ఉపయోగమో అను విషయమున ఇటీవలి పరిశోధకులు సందేహము వెలిబుచ్చుచున్నారు.

పరీక్ష కొన్నిచోట్ల ఇంతకంటె గొప్ప మేలు చేయును: వృథాశ్రమను తప్పించును. మాంటిల్ కణ లింఫోమా యను మరియొక రకమున, టి.పి.53 అను కాపరి జన్యువు చెడినవారిని 2017లో స్కాండినేవియా వైద్యులు వేరుచేసి చూచిరి. తీవ్రమైన మందులు, మూలకణముల మార్పిడి – అన్నియు పొందినను వారిలో సగముమంది 1.8 సంవత్సరములకు మించి బ్రతుకలేదు. ఆ జన్యువు బాగున్నవారిలో సగముమంది 12.7 సంవత్సరములు దాటిరి. చికిత్స ఒకటే, కష్టము ఒకటే, ఫలము ఇంత దూరము. అట్టివారిని మార్పిడి మంచముపై పరుండబెట్టుటకంటె వేరు దారిలో పనిచేయు క్రొత్త మందులను, పరిశోధనలను ముందే వెదకుట న్యాయము. ఆ దారులలో ఒకటి మన దేశమునను తెరువబడినది. రోగి తెల్లకణములనే తీసి, కేన్సరును గుర్తించునట్లు మార్చి తిరిగి ఎక్కించు చికిత్సను బొంబాయి ఐ.ఐ.టి.వారును టాటా స్మారక కేంద్రమువారును అభివృద్ధి చేసిరి. వ్యాధి తిరిగి వచ్చిన బి-కణ లింఫోమా, ల్యుకేమియా రోగులకై 2023 అక్టోబరున దానికి అనుమతి లభించినది. అయినను దాని వెల సామాన్య కుటుంబమునకు భారమే. అపాయము ముందే తెలిసినవారికి ఏర్పాట్లు చేసికొనుటకు కొన్ని నెలలైనను దొరకును.

చౌకయైన ఒక పరీక్షను గూర్చి చెప్పక పోరాదు. అది లింఫోమాను గూర్చినది కాదు. కామెర్లు తెచ్చు హెపటైటిస్-బి వైరసును గూర్చినది. ఆ వైరసు కాలేయమున నిద్రించుచున్నవారికి రిటుక్సిమాబ్ ఇచ్చినచో అది మేల్కొని ప్రాణము తీయవచ్చును. ఆరంభించుటకు ముందే తెలిసినచో అడ్డుమందు ఇచ్చి చికిత్స సాగింపవచ్చును. జన్యుపరీక్షల పేరుతో ఖర్చుచేసి ఈ చిన్న పరీక్షను మరచుట తగదు.

ఇంటివారి భయము మరియొకటి కలదు. ఫిష్ సమాధానము వచ్చునంతవరకు ఆగినచో ఈలోగ వ్యాధి ముదురదా? వేచియుండుటకు వీలులేని రోగికి వైద్యులు ఆగరు. ముక్క చాలినంత తీసి, పరీక్షకు పంపి, మొదటి విడత ఆర్-చాప్ ఇచ్చివేయుదురు. రెండవ విడతకు మూడు వారముల వ్యవధి యున్నది. ఆలోపల సమాధానము వచ్చును. జంటదెబ్బ యని తేలినచో రెండవ విడతనుండి పద్ధతి మార్చుదురు, లేనిచో అదే కొనసాగింతురు. ముక్క మాత్రము మొదటి మందు చుక్క పడకముందే మైనపు దిమ్మలో భద్రముగ నుండవలెను.